మనమందరం ట్రాన్స్‌మిటర్లమేనా?

ఉగాది నాడు మనవాళ్లు తప్పనిసరిగా చేసే పనులు రెండు. ఒకటి పచ్చడి తినడం, రెండోది పంచాంగం వినడం. మొదటిదానికి మన అసోసియేషన్‌లో ఏనాడూ లోటు రాలేదు. చిక్కంతా రెండోదానితోనే. పంతులుగారు మైకులో రాశిఫలాలు చదువుతుంటే హాల్లో సగంమంది ఇళ్ల ధరల గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. మిగతా సగంమంది ఫోన్లలో తలదూర్చి ఉంటారు. ఆ రెండో సగంలో నేనూ ఒకణ్ణని ముందే ఒప్పుకుంటున్నాను. మన పెద్దలు ఆ కార్యక్రమానికి పంచాంగ పఠనం అని కాకుండా పంచాంగ శ్రవణం అని పేరు పెట్టారు. వినడం కూడా ఒక విద్యేనని వాళ్లకు తెలుసన్నమాట. నాకు మాత్రం ఆ సంగతి ఆలస్యంగా, అదీ ఒక రేడియో పిచ్చి వల్ల తెలిసొచ్చింది. ఆ పిచ్చి గురించీ, దానివల్ల నాకు కలిగిన ఒక అభిప్రాయం గురించీ మీతో నాలుగు మాటలు పంచుకోవాలని ఈ వ్యాసం.

మా గరాజ్‌లో గోడకు ఆనించి ఒక చట్రం ఉంటుంది. మీటరు పొడవున్న రెండు కర్రల్ని అడ్డంగా బిగించి, వాటి చివర్ల చుట్టూ మోటారు వైండింగుకు వాడే సన్న రాగితీగ 60 చుట్లు చుట్టాను. మా ఇంటికి భోజనానికి వచ్చిన ఒక పెద్దావిడ దాన్ని చూసి, "ఏం నాయనా, మగ్గం పెట్టావా?" అని అడిగారు. మగ్గం కాదు, అది ఏంటెనా. దాని రెండు కొసల్నీ ఒక చిన్న ఆంప్లిఫయర్ ద్వారా ల్యాప్‌టాప్‌లో మైకు పెట్టే చోట కలుపుతాను. సెకనుకు 96,000 నమూనాలు తీసుకునే సౌండ్‌కార్డు ఉంటే 48 కిలోహెర్ట్జ్ దాకా ఏముందో తెరమీద గీతలుగా కనిపిస్తుంది. దానికి కావలసిన సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. వినడానికి లైసెన్సు అక్కర్లేదు.

ఈ లైసెన్సు మాట వస్తే మా నాయన గుర్తొస్తాడు. వికారాబాద్ దగ్గర మా ఊళ్లో మా ఇంటి మర్ఫీ రేడియోకి ఆయన ఏటా పోస్టాఫీసులో రుసుము కట్టి లైసెన్సు రెన్యువల్ చేయించుకునేవాడు. 1980ల మధ్యలో ఆ లైసెన్సులు ఎత్తేసేదాకా మన దేశంలో రేడియో వినడానికి కూడా అనుమతి కావాలి మరి. సాయంత్రం హైదరాబాద్ కేంద్రం వార్తలు వస్తుంటే ఇంట్లో ఎవరూ కిక్కురుమనకూడదు. ఎండాకాలంలో ఒక్కోసారి వార్తల మధ్య గరగరమని చప్పుడొచ్చేది. నాయన వెంటనే, "ఎక్కడో మెరుస్తున్నది, వాకిట్ల వడ్లు ఎత్తుండ్రి" అనేవాడు. ఆకాశం తెల్లగా ఉండేది. అమ్మ గొణుక్కుంటూనే వడ్లు ఎత్తేది. చాలాసార్లు రాత్రికి వాన పడేది. మెరుపు పుట్టించే రేడియో తరంగాలే ఆ గరగర అని నాకు ఇంజనీరింగ్ కాలేజీలో గాని తెలియలేదు. నాయన మూడో తరగతితో బడి మానేశాడు. అయినా విన్నదాన్ని వదిలేసేవాడు కాదు.

నేను వినే రేడియో నాయన రేడియో కంటే చాలా కింద ఉంటుంది. 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న ఫ్రీక్వెన్సీలను వి.ఎల్.ఎఫ్. అంటారు, అంటే అతి తక్కువ ఫ్రీక్వెన్సీ అని అర్థం. ఇక్కడ తరంగదైర్ఘ్యాలు కిలోమీటర్లలో ఉంటాయి. భూమికీ, ఆకాశంలో 70, 80 కిలోమీటర్ల ఎత్తున ఉన్న అయనోస్ఫియర్ అడుగుపొరకూ మధ్య ఇవి గొట్టంలో నీళ్లలాగా పారుతూ వేల కిలోమీటర్లు పోతాయి. ఎక్కడో మెరిసిన మెరుపు ఇక్కడ చిటపటమని వినిపిస్తుంది. కొన్ని మెరుపుల శక్తి భూమి అయస్కాంత రేఖల వెంట అంతరిక్షంలోకి పోయి, రెండో అర్ధగోళంలో ఈల వేసినట్టు పైస్థాయి నుంచి కిందికి జారుతూ వినిపిస్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలో శత్రువుల టెలిఫోన్ మాటల్ని దొంగచాటుగా వింటున్న జర్మన్ సైనికులకు ఈ ఈలలు వినపడ్డాయి. బార్క్‌హౌసెన్ అనే శాస్త్రవేత్త 1919లో ఆ సంగతి ప్రకటించాడు. వాళ్లు శత్రువు మాట కోసం చెవి పెడితే ఆకాశం మాట వినిపించిందన్నమాట.

ఈ ఫ్రీక్వెన్సీల్లో హామ్ రేడియో అమెచ్యూర్లు కూడా సంకేతాలు పంపుతుంటారు. ఆ పని వింటే మీకు నవ్వొస్తుంది. వాళ్లు వాడే 8.27 కిలోహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 36 కిలోమీటర్లు. పుస్తకం ప్రకారం దానిలో నాలుగోవంతు ఎత్తు ఏంటెనా కట్టాలంటే అది ఎవరెస్టు కన్నా పొడుగవుతుంది. అందుకని 2010లో జర్మనీలో ఒక అమెచ్యూర్ గాలిపటానికి తీగ కట్టి ఎగరేసి 9 కిలోహెర్ట్జ్ లోపు సంకేతం పంపాడు. ఇలాంటి ఏంటెనా నుంచి గాల్లోకి వెళ్లేది మిల్లీవాట్లలో ఉంటుంది, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. మన ఇంట్లో కాలింగ్‌బెల్ పక్కన వెలిగే చిన్న దీపానికి ఇంతకన్నా ఎక్కువ కావాలి. అయినా ఆ తర్వాతి ఏళ్లలో ఇలాంటి సంకేతాలు అట్లాంటిక్ దాటాయి. అది పంపినవాడి గొప్పతనం కంటే విన్నవాడి ఓపిక అనాలి. నాలుగైదు అక్షరాలు అందుకోవడానికి గంటల తరబడి, ఒక్కోసారి రాత్రంతా, గడియారాన్ని జి.పి.ఎస్.తో సరిచూసుకుంటూ రికార్డు చేస్తారు. అదే సంకేతం మళ్లీ మళ్లీ కలిసేసరికి మెల్లగా హోరులోంచి అక్షరాలు బయటపడతాయి.

పంపడం ఎంత భారమైన పనో మా జిల్లావాళ్లకు ఇప్పుడు బాగా తెలుసు. ఉప్పునీటిలోకి మామూలు రేడియో తరంగాలు పోవు. వి.ఎల్.ఎఫ్. తరంగాలు మాత్రం పదిపదిహేను మీటర్ల లోతు దాకా దిగుతాయి. అందుకే సబ్‌మెరీన్లతో మాట్లాడడానికి నౌకాదళాలు వీటిని వాడతాయి. మన దేశానికి అలాంటి స్టేషన్ తమిళనాడులో తిరునల్వేలి దగ్గర విజయనారాయణంలో ఉంది, ఐ.ఎన్.ఎస్. కట్టబొమ్మన్ అని పేరు. రెండోదానికి 2024 అక్టోబరు 15న వికారాబాద్ జిల్లాలో, దామగుండం అడవిలో శంకుస్థాపన జరిగింది. దానికి ఇచ్చిన అటవీభూమి 2,900 ఎకరాలు. చిన్నప్పుడు మేము ఎడ్లబండి కట్టుకుని దామగుండం రామలింగేశ్వరుడి గుడికి వెళ్లిన అడవి అది. దేశరక్షణకు స్టేషన్ కావాలన్న మాటను నేను కాదనను. కానీ ఆ అడవి గురించీ, మూసీ నీళ్ల గురించీ స్థానికులూ, పర్యావరణం తెలిసినవాళ్లూ అభ్యంతరాలు చెప్పారు. లోకమంతటికీ వినపడేలా మాట్లాడబోయే స్టేషన్ కట్టేముందు పక్క ఊరివాళ్ల మాట ఇంకాస్త ఓపిగ్గా వినాల్సిందని నా అభిప్రాయం. రేపు ఆ స్టేషన్ మొదలైతే బహుశా దాని సంకేతం నా తీగచుట్టలో కూడా పడుతుంది. మా జిల్లా గొంతు అని సంతోషించాలో, పోయిన చెట్ల కోసం బాధపడాలో తెలియని పరిస్థితి నాది.

పంపడానికి వేల ఎకరాలు కావాలి, వినడానికి రెండు కర్రలూ కొంత తీగా చాలు. అయితే ఇంకొకటి కూడా కావాలి. ఇల్లు ఊరుకోవాలి.

ఇది నాకు 2023 డిసెంబరులో అర్థమైంది. స్వీడన్‌లో గ్రిమెటన్ అనే పల్లెలో ఒక పాత రేడియో స్టేషన్ ఉంది, దాని పిలుపుపేరు ఎస్.ఏ.క్యూ. మొదటి ప్రపంచయుద్ధంలో సముద్రపు కేబుళ్లు తెగితే దేశం ఒంటరిదైపోతుందని ఆ దేశానికి తెలిసొచ్చింది. పైగా లక్షలమంది స్వీడన్‌వాళ్లు అమెరికాకు వలసపోయి ఉన్నారు. వాళ్లకూ సొంత దేశానికీ మధ్య కబుర్లు నడవాలని 1922 నుంచి 1924 మధ్య ఈ స్టేషన్ కట్టారు. 127 మీటర్ల ఎత్తున్న ఆరు టవర్లు, వాటిమీద తీగలు. యంత్రంలో గొట్టాలూ లేవు, ట్రాన్సిస్టర్లూ లేవు. వేగంగా తిరిగే ఒక ఉక్కుచక్రమే 17.2 కిలోహెర్ట్జ్ తరంగాన్ని పుట్టిస్తుంది. దాన్ని రూపొందించిన అలెగ్జాండర్సన్ కూడా స్వీడన్ నుంచి అమెరికాకు వలస వచ్చిన ఇంజనీరే. 2004లో యునెస్కో ఆ స్టేషన్‌ను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ చక్రాన్ని ఇప్పటికీ క్రిస్మస్ ముందురోజు ఉదయం తిప్పి నాలుగు మాటలు పంపడం అక్కడివాళ్ల ఆనవాయితీ. స్వీడన్‌లో ఉదయం 9 గంటలు, అంటే మన ఒహైయోలో తెల్లవారుజామున 3 గంటలు.

వలసవాళ్ల కోసం కట్టిన స్టేషన్‌ను వలసవాడినైన నేను వినకపోతే ఎలా అని ఆ రాత్రి అలారం పెట్టుకుని లేచాను. ఎస్.ఏ.క్యూ. కాదు కదా, తెరమీద పచ్చటి గోడలాగా హోరు తప్ప ఇంకేమీ లేదు. మర్నాడు చిన్న ఏ.ఎం. రేడియో ఒకటి చేత్తో పట్టుకుని, దేని దగ్గర గీపెడుతుందో చూస్తూ ఇల్లంతా తిరిగాను. ఫోన్ చార్జర్లు, దీపాల డిమ్మర్లు, ట్రెడ్‌మిల్లు, ఫర్నేసు మోటారు, అన్నీ దొంగలే. అందరికన్నా పెద్ద దొంగ మా దేవుడి మందిరం చుట్టూ కట్టిన రంగుదీపాల సీరియల్ సెట్టు. ఆకాశంలో సంకేతం లేక కాదు, మా ఇల్లే గట్టిగా అరుస్తోంది.

అప్పటికి మా అమ్మాయి పదో తరగతి. దానికి ఈ గొడవ పట్టేది కాదు. పట్టడానికి తీరికెక్కడిది? సోమవారం కూచిపూడి, మంగళ గురువారాలు లెక్కల ట్యూషన్, బుధవారం వయొలిన్, శనివారం ఆసుపత్రిలో వాలంటీరు పని. పాపం అదంతా దానికోసమేనని మేము నమ్మాం. మీలో చాలామంది నమ్ముతున్నట్టే. అయితే 2024 ఏప్రిల్ 8న సంపూర్ణ సూర్యగ్రహణం మన క్లీవ్‌లాండ్ మీదుగా వెళ్లింది. బడికి సెలవు. మర్నాడే క్రోధి నామ సంవత్సర ఉగాది. ఉత్తర డకోటాలోని లమూర్ అనే ఊరి నుంచి అమెరికా నౌకాదళం 25.2 కిలోహెర్ట్జ్ మీద పంపే సంకేతాన్ని ఆవేళ పొద్దున్నుంచీ తెరమీద గీతగా గీయిస్తూ ఉన్నాను. మధ్యాహ్నం 3 దాటాక దాదాపు నాలుగు నిమిషాలు చీకటి పడింది. మేమందరం పెరట్లో అద్దాలు పెట్టుకుని చూసి లోపలికి వచ్చేసరికి గీత పగటి దారి వదిలి, సాయంత్రం వేళ వంగినట్టు వంగి, మళ్లీ వెనక్కి వస్తోంది. ఎండ పోతే అయనోస్ఫియర్ అడుగుపొర సన్నబడి రాత్రిలాగా మారుతుంది, తరంగం నడిచే దారి మారుతుంది. అమ్మాయి ఆ గీతను వేలితో తడుముతూ, "నాన్నా, ఇది మన గరాజ్‌లోనే పట్టావా?" అంది. ఔనన్నాను. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ చెప్పి ఉంటే లేచి వెళ్లిపోయేదేమో. అదృష్టవశాత్తూ అప్పుడే మా ఆవిడ గ్రహణం విడిచింది, స్నానాలు చేయండని పిలిచింది.

ఆ ఏడాది డిసెంబరు 24 తెల్లవారుజామున నాతోపాటు అదీ లేచింది. ఈసారి మెయిన్ స్విచ్చి ఆపేశాను. ఫర్నేసు కూడా ఆగింది. దేవుడి సీరియల్ సెట్టు తీసేయడానికి మా ఆవిడ మొదట ఒప్పుకోలేదుగాని, నూనెదీపం రేడియోకి ఏ ఇబ్బందీ పెట్టదని చెప్పాక, అదే నయమని ప్రమిద వెలిగించి వెళ్లి పడుకుంది. తీగచుట్టకు ఒక గుణం ఉంది. దాని అంచు ఎటు చూస్తే అటునుంచి బాగా వినిపిస్తుంది, వెడల్పు ముఖం ఎటుంటే అటునుంచి వినపడదు. స్వీడన్ మాకు ఈశాన్యం. పొరుగాయన ఇంటి క్రిస్మస్ దీపాలు ఆగ్నేయం. వాస్తు ఈ ఒక్క విషయంలో మాకు బాగా కలిసొచ్చింది. పెరటి వరండాలో చట్రాన్ని నిలబెట్టి, ల్యాప్‌టాప్ బాటరీ మీద పెట్టి, వంటింట్లో ఒకే హెడ్‌ఫోనుకు చెరొక చెవీ ఆనించి, ఇద్దరం ఒకే దుప్పటి కప్పుకుని కూర్చున్నాం.

ముందు చాలాసేపు మెరుపుల చిటపటలే. నేను నోరెత్తలేదు. గొప్పతనమేమీ కాదు, మాట్లాడితే సంకేతం తప్పిపోతుందన్న భయం. ఆ నిశ్శబ్దంలో అమ్మాయి నావైపు చూడకుండానే, "నాన్నా, నేను మెడిసిన్ చదవను. నాకు ఇష్టం లేదు. ఏడాది నుంచి చెప్పాలనుకుంటున్నా. నేను మొదలుపెట్టేలోపే నువ్వు మొదలుపెడతావు" అంది.

వేరే రోజయితే నేను నిజంగానే మొదలుపెట్టేవాణ్ణి. నేను రెండు సూట్‌కేసులతో ఈ దేశానికి ఎలా వచ్చానో, మా నాయన ఏ పొలం అమ్మి నన్ను చదివించాడో, మొత్తం చెప్పేవాణ్ణి. అప్పుడు మాత్రం చెవికి హెడ్‌ఫోను ఉంది. ఊ అన్నాను. అది మరికొన్ని చెప్పింది. రాత్రులు నిద్రపట్టడం లేదని, ఆసుపత్రి వాసనకు కడుపులో తిప్పుతుందని, కూచిపూడి మాత్రం మానదలచుకోలేదని. ఒకే కప్పు కింద ఉంటూ అవేవీ నాకు తెలియవు. చెబుతుండగానే సన్నగా, దూరంగా, ఒకే స్వరంలో మొదలైంది. మూడు చిన్నవి. ఒక చిన్న, ఒక పొడుగు. రెండు పొడుగు, ఒక చిన్న, ఒక పొడుగు. ఎస్, ఏ, క్యూ. నూరేళ్ల కిందటి ఉక్కుచక్రం తిరుగుతోంది. ఇద్దరం కదలకుండా విన్నాం. ఇల్లు చల్లబడిపోయింది, పళ్లు టకటకలాడుతున్నాయి, అయినా అది అయిపోయేదాకా మెయిన్ స్విచ్చి వేయడానికి ఇద్దరమూ లేవలేదు.

ఈ సంగతులు రాయడానికి అమ్మాయి అనుమతి తీసుకున్నాను. ఆ రాత్రితో నేను మారిపోయానని కూడా అనుకోకండి. రెండు రోజులు తిరక్కుండానే నేను మళ్లీ ఉపన్యాసం మొదలుపెట్టాను. "నాన్నా, మెయిన్ స్విచ్చి" అని అది గుర్తుచేసింది. ఇప్పుడది మా ఇంట్లో ఒక సామెత.

నా అభిప్రాయం చెబుతాను. మన అసోసియేషన్ పెద్దలం అందరం మంచి ట్రాన్స్‌మిటర్లమే. తెలుగు మాట్లాడమని చెబుతాం, సంస్కృతి మరవద్దని చెబుతాం, ఏం చదవాలో చెబుతాం. యువజన సదస్సు అని పేరు పెట్టి వేదికమీద నలుగురు పెద్దలం కూర్చుని రెండు గంటలు మాట్లాడతాం. వెనక వరసల్లో పిల్లలు ఫోన్లు చూసుకుంటే మన పవర్ చాలడం లేదనుకుని ఇంకొంచెం గట్టిగా మాట్లాడతాం. పిల్లల దగ్గర్నుంచి సంకేతం రావడం లేదని అనుకుంటున్నాం కానీ, మన హోరులో అది మనకే వినపడడం లేదని అనుమానించడం లేదు.

పెద్దలు చెప్పకుండా ఊరుకుంటే భాష ఎలా నిలుస్తుందని ఒక మిత్రుడు నన్ను నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. చెప్పడం మానమని నేను అనడం లేదు. గ్రిమెటన్‌లో టవర్లు కట్టిన రోజుల్లోనే ఇటువైపు లాంగ్ ఐలాండ్‌లో రివర్‌హెడ్ దగ్గర వాళ్ల మాట వినే స్టేషన్ ఒకటి నడిచింది. అది లేకపోతే ఆ టవర్లు గాలికి మాట్లాడినట్టే. రెండు వైపులా రెండూ ఉంటేనే కబురు నడుస్తుంది. మా అమ్మాయి నాతో తెలుగులో ఎక్కువ మాట్లాడింది నేను నేర్పిన రోజుల్లో కాదు, ఊరుకున్న రోజుల్లో.

దీనివల్ల కాలేజీ అప్లికేషన్‌కు ఏమైనా ఉపయోగమా అని ఇంకొకరు అడిగారు. ఏమీ లేదు. దీనికి పోటీ లేదు, కప్పు లేదు, సర్టిఫికెట్ లేదు. మన పిల్లల వారంలో అలాంటి గంట ఒక్కటైనా ఉండాలనే నేను దీన్ని సిఫారసు చేస్తున్నాను. ఇంటర్నెట్‌లో ఎవరిదో రిసీవర్ వినొచ్చు కదా అన్నవారికి నా జవాబు, వినొచ్చుగానీ, అప్పుడు మన ఇంటి దీపాలు ఆర్పాల్సిన పని ఉండదు. నాకు దక్కింది ఆ ఆర్పడం వల్లనే.

కార్యవర్గానికి రెండు మనవులు. వచ్చే వేసవి పిక్నిక్ కరెంటు తీగలకు దూరంగా ఉన్న ఏదైనా పార్కులో పెట్టండి. నా మగ్గం నేను తెస్తాను. సాయంత్రం ఒక గంట పిల్లలూ పెద్దలూ కలిసి మెరుపులు విందాం. రెండోది, వచ్చే ఏడాది యువజన సదస్సులో ఒక గంట మైకు పిల్లలకు ఇచ్చి, పెద్దలం వెనక వరసల్లో కూర్చుందాం. తెలుగో, ఇంగ్లీషో, ఏది వస్తే అది మాట్లాడనిద్దాం. చివర్లో వందన సమర్పణ తప్ప మనం ఏమీ మాట్లాడొద్దు. అదీ క్లుప్తంగా.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. ఈసారి పంతులుగారు పంచాంగం చదివేటప్పుడు నేను ఫోను కారులోనే పెట్టి వస్తాను. నా రాశికి వినికిడి ఎంత, మాట ఎంత అని ఆయన చెప్పకపోయినా, ఆ లెక్క ఇంట్లో చెప్పేవాళ్లు ఉన్నారు.